ఆబర్న్ వీధి చూపించకుండా అట్లాంటా చూపించామంటే ఎలా?

వేసవి వచ్చిందంటే అట్లాంటా విమానాశ్రయంలో తెలుగు మాట వినబడని రోజు ఉండదు. ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్, కమింగ్‌లలో స్థిరపడిన పిల్లల దగ్గరికి విజయవాడ, వరంగల్, అనంతపురం నుంచి అమ్మానాన్నలు వస్తారు. ఆరు నెలల గడువులో చాలా రోజులు ఇంటి గోడల మధ్యే గడిచిపోతాయి. వారాంతాల్లో తిప్పే వరస ఏ ఇంట్లో చూసినా ఒకటే: అక్వేరియం, కోకాకోలా మ్యూజియం, లిల్‌బర్న్‌లో స్వామినారాయణ మందిరం, రివర్‌డేల్‌లో వెంకటేశ్వరస్వామి గుడి, స్టోన్ మౌంటెన్, ఏదో ఒక మాల్. ఇవి చూడొద్దని మేం అనం. ఆబర్న్ అవెన్యూ ఈ వరసలో లేకపోవడం మాత్రం మాకు కొరుకుడు పడడం లేదు.

అమెరికా నల్లవారి పౌరహక్కుల ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ 1929 జనవరి 15న పుట్టిన ఇల్లు ఈ వీధిలో 501వ నంబరు. ముందు తాత, తర్వాత తండ్రి, ఆ తండ్రితో కలిసి ఆయనా పాస్టర్లుగా ఉన్న ఎబెనెజర్ బాప్టిస్ట్ చర్చి అక్కడికి నాలుగడుగుల దూరం. 1974లో ప్రార్థన వేళ ఆర్గన్ ముందు కూర్చున్న కింగ్ తల్లి అల్బర్టాను కాల్చి చంపింది కూడా ఈ చర్చిలోనే. పక్కనే నీటి కొలను మధ్య కింగ్, కొరెట్టా దంపతుల సమాధి. వీధి దాటితే విజిటర్ సెంటర్ దగ్గర గాంధీ కంచు విగ్రహం ఉంది. మన దేశం ఇచ్చిన ఆ విగ్రహాన్ని 1998లో నిలబెట్టారు. 1959లో కింగ్ దంపతులు ఇంచుమించు నెల రోజులు మన దేశమంతా తిరిగారు, కన్యాకుమారి దాకా వెళ్లారు. గాంధీ పేరు వింటూ పెరిగిన మన పెద్దవాళ్లను ఆ విగ్రహానికి ముప్పావు గంట దూరంలో ఆరు నెలలు ఉంచి, చూపించకుండా విమానం ఎక్కించడం భావ్యం కాదు. పైగా ఇక్కడ దేనికీ ప్రవేశ రుసుం లేదు.

వెళ్లే దారి తెలియక మానేసేవాళ్లే ఎక్కువ కాబట్టి వివరంగా చెబుతాం. కారులో అయితే జాన్ వెస్లీ డాబ్స్ అవెన్యూ వైపు ఉన్న పార్కింగ్ ఉచితం. జీపీఎస్‌లో ఆ వీధి పేరే కొట్టండి. బ్యాగులు, పాస్‌పోర్టులు సీటు మీద వదలొద్దు. అద్దం పగలగొట్టి తీసుకుపోవడం ఈ నగరంలో అరుదేమీ కాదు. పని రోజుల్లో జార్జియా 400 మీద ఉదయం పూట దక్షిణానికి బయలుదేరితే ప్రయాణం రెట్టింపవుతుంది. శనివారం తొమ్మిదికల్లా బయలుదేరడం మేలు.

మా మాట వింటే రైలే ఎక్కించండి. నార్త్ స్ప్రింగ్స్ స్టేషన్‌లో కారు పెట్టి మార్టా రెడ్ లైన్ ఎక్కితే పీచ్‌ట్రీ సెంటర్‌లో నేరుగా దిగొచ్చు, మధ్యలో మారే పని లేదు. టికెట్ మనిషికి 2.50 డాలర్లు. పీచ్‌ట్రీ సెంటర్ స్టేషన్ నేలకు వంద అడుగులకు పైగా లోతున ఉంటుంది. ఎస్కలేటర్ చాలా పొడవు, కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయి. చీర కట్టుకున్నవాళ్లను, మోకాళ్ల నొప్పులున్నవాళ్లను లిఫ్ట్‌లోనే తీసుకెళ్లండి. స్టేషన్లలో టాయిలెట్ దొరుకుతుందని నమ్ముకోవద్దు, ఇంట్లోనే కానిచ్చుకుని బయలుదేరాలి. పైకి వచ్చాక స్ట్రీట్‌కార్ ఎక్కాలి. అది ఎడ్జ్‌వుడ్ అవెన్యూ మీదుగా తూర్పుకు వెళ్లి, ఆబర్న్ మీదుగా వెనక్కి తిరుగుతుంది. కింగ్ హిస్టారిక్ డిస్ట్రిక్ట్ స్టాప్‌లో దిగండి. ఒక హెచ్చరిక: పేరులో పీచ్‌ట్రీ ఉన్న వీధులు ఈ నగరంలో డజన్ల కొద్దీ ఉన్నాయి. పీచ్‌ట్రీ స్ట్రీట్ వేరు, పీచ్‌ట్రీ సెంటర్ అవెన్యూ వేరు. ఎవరినైనా ఫలానా చోట కలుద్దామనుకుంటే పూర్తి పేరు రాసి పంపాలి.

దిగాక ముందు విజిటర్ సెంటర్‌కు వెళ్లాలి. టాయిలెట్లు, మంచినీళ్లు, ఏసీ అక్కడే. అక్కడి నుంచి గాంధీ విగ్రహం, పాత చర్చి, సమాధి, చివరికి కింగ్ పుట్టిన ఇల్లు. నిదానంగా నడిచినా రెండు గంటలు చాలు. ఆ ఇంటిని 2023 నవంబర్‌లో మరమ్మతుల కోసం మూశారు. లోపలికి పంపుతున్నారో లేదో బయలుదేరే ముందు నేషనల్ పార్క్ సర్వీస్ సైట్‌లో చూసుకోండి. పంపకపోయినా ఆ వరసలోని చెక్క ఇళ్లు బయటినుంచి చూడదగ్గవే. జూన్, జూలైల్లో పన్నెండు దాటాక మన కోస్తా ఉక్కపోతే ఇక్కడా ఉంటుంది, సాయంత్రానికి ఉరుముల వాన దిగొచ్చు. అందుకే పొద్దుటి పూట నడక ముగించాలి.

నడక అయ్యాక ఎడ్జ్‌వుడ్ మీది స్వీట్ ఆబర్న్ కర్బ్ మార్కెట్‌కూ వెళ్లండి. ఈ ఇటుకల కట్టడం 1924లో తెరిచారు. లోపల అమ్ముకునే హక్కు తెల్లవాళ్లకే ఉండేది. నల్లవాళ్లు బయట రోడ్డు అంచున కూర్చుని అమ్ముకున్నారు. కర్బ్ అనే పేరు అలా వచ్చింది. ఇప్పుడు అదే కప్పు కింద కూరగాయల కొట్లు, మాంసం కొట్లు, చిన్న చిన్న తిండి దుకాణాలు ఉన్నాయి. ఇంట్లో రోజూ సాంబారు వండే అమ్మకు కాలర్డ్ అనే ఆకుకూర కట్టలు, బెండకాయలు చూపిస్తే సమయం తెలియదు.

తిండి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. దక్షిణాది నల్లవారి వంటలో మనకు తెలిసిన సరుకులు చాలా ఉన్నాయి. బెండకాయ, బొబ్బర్లు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులతో పాటే ఈ నేలకు చేరాయి. మెనూలో కూరల పేర్లు చూసి శాకాహారమని నమ్మి ఆర్డర్ చేస్తే మాత్రం పొరపాటే. కాలర్డ్ ఆకును గంటల తరబడి ఉడికించేది పొగబెట్టిన పంది కాలి ముక్కతో గానీ, టర్కీ కోడి మెడతో గానీ. బొబ్బర్లు, బీన్స్ కూడా చాలాచోట్ల అంతే. ముక్క తీసి పక్కన పెట్టినా రుచి, కొవ్వు నీళ్లలో దిగిపోయి ఉంటాయి. మొక్కజొన్న రొట్టె కార్న్‌బ్రెడ్‌లో బేకన్ (పంది మాంసం) కొవ్వు, ‘పై’ అనే పిండివంట అట్టల్లో కొన్నిచోట్ల పంది కొవ్వు పడుతుంది. బెండకాయ వేపుడు మొక్కజొన్న పిండిలో పొర్లించి చేసేదే అయినా, చికెన్, చేపలు వేగిన నూనెలోనే వేయిస్తుండొచ్చు.

కాబట్టి ‘ఇది వెజిటేరియనా’ అని ఒక్క ముక్కలో అడగొద్దు. మాంసం ముక్కలు కనిపించకపోతే అవుననే అనేస్తారు. మూడు ప్రశ్నలు విడివిడిగా అడగాలి: ఈ ఆకుకూర దేనితో ఉడికించారు, రొట్టెలో ఏ కొవ్వు వాడారు, ఈ వేపుడుకు నూనె వేరేనా. నిష్ఠగా ఉండే పెద్దవాళ్లకు మా సలహా: వెన్న వేసిన గ్రిట్స్, చిలగడదుంప, పీచ్ కాబ్లర్ (పీచ్ పండ్లతో చేసే తీపి) గురించి అడిగి తెలుసుకుని తీసుకోండి. గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వను నాలుగింతల నీళ్లలో, కొన్నిచోట్ల పాలు కలిపి, చిక్కగా ఉడికించింది. ఉప్పు, మిరియాలు చల్లి, వెంట తెచ్చుకున్న నిమ్మకాయ పచ్చడి కాస్త నంజుకుంటే మన నాలుక దాన్ని పరాయిదనదు. రొయ్యలతో ఇచ్చే గ్రిట్స్‌లో బేకన్ ఉండటం మామూలే, పంది మాంసం తిననివాళ్లు ముందే చెప్పాలి. స్వీట్ టీలో చక్కెర విపరీతం. షుగర్ ఉన్నవాళ్లకు ‘అన్‌స్వీట్’ అని అడిగి తెప్పించండి.

మాంసాహారులకు పెద్ద చిక్కేమీ లేదు. 1947లో పాస్కల్ అన్నదమ్ములు మొదలుపెట్టిన పాస్కల్స్‌లో కింగ్, ఆయన సహచరులు వేయించిన చికెన్ తింటూ ఉద్యమ వ్యూహాలు రచించారు. ఇప్పుడది నార్త్‌సైడ్ డ్రైవ్‌లో ఉంది. అదే ఏడాది పుట్టిన బిజీ బీ కేఫ్ చిన్నది, ఆదివారం చర్చి వదిలాక వరస పెరుగుతుంది. పనిరోజు పదకొండున్నరకల్లా వెళ్లండి. పాంస్ డి లియోన్ అవెన్యూలోని మేరీ మ్యాక్స్ టీ రూమ్ 1945 నాటిది. ఇంటిల్లిపాదీ కూర్చోవడానికి చోటు కావాలంటే అదే అనువు.

సెంటెనియల్ పార్క్ పక్కన అక్వేరియం, కోకాకోలాలతో పాటే ఉన్న మానవ హక్కుల కేంద్రాన్ని మనవాళ్లు దాటి వెళ్లిపోవడం మాకు బాధ కలిగిస్తోంది. అందులో ఒక లంచ్ కౌంటర్ ఉంది. స్టూలు మీద కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చేతులు బల్లమీద ఆనిస్తే 1960ల్లో తెల్లవాళ్లకే వడ్డించే అలాంటి కౌంటర్ల దగ్గర కూర్చుని నిరసన తెలిపిన నల్ల విద్యార్థులు విన్న తిట్లు, బెదిరింపులు చెవిలో మోగుతాయి. మన ఊళ్ల టీ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసిన తరానికి అదేమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. చిన్నపిల్లలను, గుండె జబ్బున్నవాళ్లను మాత్రం ఆ స్టూళ్ల మీద కూర్చోబెట్టొద్దు.

స్టోన్ మౌంటెన్‌కు తప్పక వెళ్లండి, కాని చెప్పాల్సింది చెప్పి తీసుకెళ్లండి. కొండ చెక్కడంలో గుర్రాలెక్కిన ముగ్గురు జెఫర్సన్ డేవిస్, రాబర్ట్ లీ, స్టోన్‌వాల్ జాక్సన్. బానిసత్వాన్ని కాపాడుకోవడానికి విడిపోయిన రాష్ట్రాల నాయకుడొకరు, ఆయన సేనానులిద్దరు. నల్లవారిపై దాడులు చేసిన తెల్లవారి ముఠా కు క్లక్స్ క్లాన్‌ను 1915లో మళ్లీ లేపింది ఈ కొండ మీదే. చెక్కడం పూర్తయింది 1972లో, పౌరహక్కుల చట్టం వచ్చిన ఎనిమిదేళ్లకు. ఆ బొమ్మల ముందు నవ్వుతూ ఫొటో దిగి ఊళ్లో వాట్సాప్ గ్రూపులకు పంపే ముందు వాళ్లెవరో మన పెద్దవాళ్లకు తెలియాలి. ఎక్కడానికి దారి మైలు దూరం, చివర నిటారుగా ఉండి చేతికి కమ్మీ ఉంటుంది. పొద్దున్నే వెళ్లాలి, తడి రాయి జారుతుంది. ఎక్కలేనివాళ్లకు కేబుల్ కార్ ఉంది, గాలివానకు ఆపేస్తారు. కారు పార్కింగ్ రోజుకు 20 డాలర్లు.

అట్లాంటా తెలుగు సంఘాలకు మా వినతి ఒకటుంది. వేసవిలో పెద్దవాళ్ల కోసం గుళ్లకు బస్సులు వేస్తున్నారు, సంతోషం. అందులో ఒక శనివారం బస్సును ఆబర్న్ అవెన్యూకు మళ్లించండి. తెలుగులో చరిత్ర చెప్పగల ఒక మనిషిని, చక్రాల కుర్చీలు రెండింటిని, పెరుగన్నం పొట్లాలను వెంట ఉంచండి. కాలేజీలో చదివే మన పిల్లలకు ఈ చరిత్ర పాఠాల్లో వచ్చే ఉంటుంది, ఆ పని వాళ్లకే అప్పగించొచ్చు. వచ్చే వేసవి కార్యక్రమాల పట్టిక వేసేటప్పుడే ఆ తేదీని అందులో చేర్చండి.