ఖాళీ గీత మీద గడియారం లెక్క
గడిచిన సమయాన్ని ఖాళీ సంఖ్యారేఖ (గీట్లు, అంకెలు లేని ఉత్త గీత) మీద నేర్పాలని మీరు రాసింది అక్షరాలా నిజమండీ. మా పాప మూడో తరగతి. 9:45కి బయల్దేరిన బస్సు 11:20కి చేరితే ఎంతసేపు పట్టిందని అడిగితే, 1120లోంచి 945 తీసేసి '1 గంట 75 నిమిషాలు' అని రాసింది. తీసివేత సరిగ్గానే చేసింది పాపం, కానీ గంటంటే 60 నిమిషాలని మరిచి 100 అప్పు తెచ్చుకుంది! పలక మీద ఉత్త గీత గీసిచ్చాను. 9:45 నుంచి 10కి 15 నిమిషాల గెంతు, 11కి గంట, అక్కణ్ణుంచి 20. గంటా 35 నిమిషాలని తనే వేలు పెట్టి చూపించింది.

ఒక్క మనవి. స్కేలులా గీట్లు, అంకెలు ముందే అచ్చేసిన గీత ఇవ్వకండి, పిల్లలు గీట్లు లెక్కపెడుతూ కూర్చుంటారు. గెంతి ఎక్కడ ఆగాలో వాళ్లనే ఎంచుకోనివ్వండి. 83లోంచి 47 తీసేయమంటే మా పాప ఇప్పుడు 47 నుంచి 50కి, 80కి, 83కి గెంతి, 3, 30, 3 కలిపి 36 అంటోంది.