నెలాఖరుకు మిగిలేదెంత?

తాపీ మేస్త్రీ రోజుకు ఇంత తీసుకుంటున్నాడట, ప్లంబర్ గంట పనికి అంత అడిగాడట అన్న మాటలు తరచూ వింటుంటాం. ఆ వెనకే ఒక నిట్టూర్పు: చదువుకుని ఉద్యోగాలు చేసేవాళ్లకన్నా వాళ్లే నయం. పత్రికలదీ ఇదే వరస. రోజు కూలిని శీర్షికలో పెట్టి, నెలలో పని ఎన్నాళ్లు దొరికిందో, పని ఉన్న ఊళ్లో గది అద్దె ఎంతో రాయడం మరిచిపోతాం. ఈ తప్పులో మాకూ వాటా ఉంది కనుక ఈసారి లెక్క కాస్త నిదానంగా వేస్తున్నాం.

నగరంలో ఒక వడ్రంగి రోజు కూలి 100 అనుకుందాం. వాన పడిన రోజు, సరుకు రాని రోజు, ఒక పని అయిపోయి ఇంకోటి కుదిరేలోపు గడిచిన రోజులు పోగా నెలకు 20 రోజులు పని దొరికిందనుకుందాం. వచ్చేది 2,000. అరిగిన బిట్లు, రంపానికి పదును, రానూపోనూ ఖర్చు, ఫోను అన్నీ కలిపి పని చేసిన రోజుకు 10 చొప్పున తీసేస్తే మిగిలేది 1,800. అదే వీధిలో ఉండే గుమాస్తాకు రోజుకు 75 మాత్రమే. కానీ నెలకు 26 రోజులకు లెక్క కట్టి ఇస్తారు, బల్లా కుర్చీ అతను కొనుక్కోనక్కర్లేదు. అతని చేతికి 1,950 వస్తుంది. జ్వరమొస్తే గుమాస్తాకు సెలవుంటుంది, వడ్రంగికి ఆ రోజు కూలే ఉండదు.

ఇప్పుడు నగరం వదిలి చిన్న పట్టణంలోని ఇంకో వడ్రంగిని చూడండి. కూలి 85. అవే 20 రోజులు, అవే ఖర్చులు, చేతికి 1,500. అద్దె 300 కడితే ఇల్లు నడపడానికి 1,200 ఉంటుంది. నగరంలోని వడ్రంగి 700 అద్దె కడితే అతనికి మిగిలేది 1,100. అంకెలు లెక్క కోసం అనుకున్నవే. వాటిలోని మెలిక మాత్రం నగరాలకు వలసపోయిన ప్రతి పనివాడికీ అనుభవమే: కూలి ఎక్కువున్న చోట మిగులు తక్కువ.

కూలి పెరిగితే బతుకు పెరిగినట్టేనన్న నమ్మకం పాతది. దాన్ని పటాపంచలు చేసిన లెక్కా పాతదే. హెన్రీ ఫెల్ప్స్ బ్రౌన్, షీలా హాప్కిన్స్ అనే ఆర్థికవేత్తలు దక్షిణ ఇంగ్లండ్‌లో భవన నిర్మాణ పనివారికి ఏడు శతాబ్దాలుగా చెల్లించిన కూలిని పాత పద్దుల నుంచి ఏరి 1955, 1956లలో ప్రచురించారు. 15వ శతాబ్దంలో అక్కడి మేస్త్రీకి రోజుకు 6 పెన్నీలు. 16వ శతాబ్దం చివరికి అది 12 పెన్నీలైంది. కూలి సరిగ్గా రెట్టింపు! అదే కాలంలో ధరలు అంతకు మించి ఎగబాకడంతో ఆ 12 పెన్నీలతో కొనగలిగింది, తాతల నాటి 6 పెన్నీలతో కొన్నదానిలో సగం కూడా లేదు. ఆ రోజుల్లో పత్రికలుంటే మేస్త్రీల కూలి ఆకాశాన్నంటిందనే రాసి ఉండేవి.

ఆ పద్దుల్లో ఇంకో విషయం మమ్మల్ని మరీ ఆకట్టుకుంది. 15వ శతాబ్దం తొలినాళ్ల నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా కూలీకి రెండొస్తే మేస్త్రీకి మూడు. రాజులు మారినా, ధరలు మారినా ఈ నిష్పత్తి పెద్దగా చెదరలేదు. అంటే పని నేర్చుకున్నందుకు సగం అదనం. పని నేర్చుకునే ఏళ్లలో కుర్రాడు వదులుకున్న సంపాదనకు అది బదులు. ఇవాళ ఆ తేడా చాలాచోట్ల కరిగిపోతోందన్నది మా ఆందోళన. కనీస వేతనాల జాబితాల్లో నైపుణ్యం లేని పనికీ, నైపుణ్యం ఉన్న పనికీ మధ్య దూరం కొద్దిపాటిదైతే, ఆ కాస్తా నగరం అద్దెలోకే పోతే, మూడేళ్లు అప్రెంటీస్‌గా ఎందుకుండాలని కుర్రాడు అడగడంలో తప్పేముంది? తర్వాత పదేళ్లకు పనివాళ్లు దొరకడం లేదని మనమే వాపోతాం.

అద్దె సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఆదాయం తగ్గేకొద్దీ అందులో తిండికయ్యే వాటా పెరుగుతుందని 1857లో జర్మన్ గణాంకవేత్త ఎర్న్‌స్ట్ ఎంగెల్ చూపించాడు. అద్దెదీ అదే దారి అని 1868లో బెర్లిన్ కుటుంబాల లెక్కలతో మరో గణాంకవేత్త హెర్మన్ ష్వాబె తేల్చాడు. అయినా కరువు భత్యాన్ని సవరించే ధరల సూచీ సాధారణంగా ఎన్నో ఊళ్ల సగటు. ఆ సగటు అద్దెకు ఇల్లు ఏ ఊళ్లోనూ దొరకదు! బియ్యం, నూనె ధరలు ఊరూరికీ కొంచెమే మారతాయి. అద్దె రెండింతలూ మూడింతలూ మారుతుంది. అందుకే అందరికీ ఒకే కొలతతో నిర్ణయించిన కూలి ఒక ఊళ్లో గిట్టుబాటు, ఇంకో ఊళ్లో పస్తు.

ఒకే రేటు పిచ్చి కొత్తదేం కాదు. క్రీ.శ. 301లో రోమన్ చక్రవర్తి డయోక్లెటియన్ ధరలకూ కూలికీ గరిష్ఠ పరిమితులు విధించాడు. పొలం కూలీకి భోజనం పెట్టి 25 దినారాలు, వడ్రంగికి భోజనంతో పాటు 50, గోడలకు రంగులేసేవాడికి 75. పనులవారీగా తేడాలు అంత జాగ్రత్తగా రాసినవాళ్లు ఊరికీ ఊరికీ మధ్య తేడాను పట్టించుకోలేదు. సరుకులు అంగళ్ల నుంచి మాయమయ్యాయని, శాసనం మూలన పడిందని సమకాలికుడైన క్రైస్తవ రచయిత లాక్టాంటియస్ రాశాడు. ఆయనకు ఆ చక్రవర్తి అంటే గిట్టదు కాబట్టి కొంత తగ్గించి చదువుకోవచ్చు.

పనివాడికి ఇచ్చేది పెంచితే ఇల్లు కట్టుకునేవాడి నడుం విరుగుతుందన్న వాదనను మేము కొట్టిపారేయం. అయితే యజమాని ఇచ్చినదంతా పనివాడికి చేరుతోందా? మధ్యలో గుత్తేదారు, ఉపగుత్తేదారు, ఇప్పుడు కొత్తగా మొబైల్ యాప్ కమీషను. తక్కువకు పాడుకున్నవాడికే పని ఇచ్చే టెండర్లలో సిమెంటు, ఇనుము ధర తగ్గించడం గుత్తేదారు చేతిలో లేదు. ఆయన కోయగలిగింది కూలినే. ప్రభుత్వ పనుల అంచనాల్లోనైనా స్థానిక అద్దెను బట్టి కట్టిన కూలి రేటు ఉండాలి, ఆ రేటు కన్నా తక్కువకు పాడటాన్ని అనుమతించకూడదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1970 నాటి 131వ ఒడంబడికలోనే కార్మికుడి, అతని కుటుంబం అవసరాలనూ జీవన వ్యయాన్నీ చూసి కనీస వేతనం నిర్ణయించాలని చెప్పింది. సూత్రాలకు లోటు లేదు, లోటల్లా కొలిచే పద్ధతిలోనే. 1907లో ఆస్ట్రేలియాలో ఒక కోతయంత్రాల కర్మాగారం ఇచ్చే కూలి న్యాయమైనదేనా అన్న హార్వెస్టర్ కేసు విన్న న్యాయమూర్తి హెన్రీ హిగ్గిన్స్ సామాన్య కుటుంబాల ఇంటి ఖర్చులను సాక్ష్యంగా తీసుకున్నాడు. అద్దె, తిండి, వంటచెరకు అన్నీ లెక్కలోకి వచ్చాయి. ఆ తర్వాతే నైపుణ్యం లేని కార్మికుడికి రోజుకు 7 షిల్లింగులని, పని నేర్చినవాడికి ఆపైన అదనమని తీర్పిచ్చాడు. ఆ తీర్పుకు ఆధారమైన చట్టాన్ని మరుసటి ఏడాదే హైకోర్టు కొట్టేసినా ఆ కొలత మాత్రం దశాబ్దాలు నిలిచింది. దానిలో లోపమూ ఉంది: సంపాదించేది మగవాడే అనుకుని వేసిన లెక్క కాబట్టి అదే దారిలో స్త్రీల వేతనం చాలాకాలం సగానికి కాస్త పైనే ఆగిపోయింది.

వేతన సంఘాలు ఈసారి కూర్చున్నప్పుడు యాజమాన్యాల లాభనష్టాల పట్టికలతో పాటు పనివాళ్ల అద్దె రసీదులు, పనిముట్ల బిల్లులు, ఏడాదిలో పని దొరికిన రోజుల లెక్క కూడా బల్లమీద పెట్టించుకోవాలి. పట్టణానికో పట్టిక తయారుచేసి, ఏటా అద్దెలు మారినప్పుడల్లా దాన్ని తిరగరాయాలి. కూలి రేట్ల వార్త రాసేటప్పుడు పక్కన ఆ ఊరి అద్దె కూడా వేయడం మా వంతు.