కరెంటు లైన్లు తెంపారు సరే, నార్వా సంగతేంటి?

ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా మూడు దేశాల జనాభా కలిపినా అరవై లక్షల చిల్లర, మన హైదరాబాద్ సిటీ అంత కూడా లేరు. 1940లో సోవియట్ సైన్యం వచ్చి ఆక్రమించింది, 1991లో బయటపడ్డారు, 2004లో నాటోలో చేరారు. రష్యా అంటే వీళ్లకున్న భయాన్ని అతి అని కొట్టిపారేయలేం, తాతల్ని సైబీరియా రైలెక్కించి పంపేసిన ఇళ్లు అక్కడ బోలెడున్నాయి.

అక్కడి సెక్యూరిటీ గురించి రాసేవాళ్లంతా ట్యాంకులు, లిథువేనియాలో జర్మనీ పెడుతున్న బ్రిగేడ్, సువాల్కీ కారిడార్ (బెలారస్‌కీ రష్యా ముక్క కలినిన్‌గ్రాడ్‌కీ మధ్య, పోలండ్-లిథువేనియా సరిహద్దు దగ్గరి సన్నటి దారి) ఇవే రాస్తారు. నన్నడిగితే అసలు పని 2025 ఫిబ్రవరిలో జరిగింది. స్వాతంత్ర్యం వచ్చి ముప్పై ఏళ్లు దాటినా వీళ్ల కరెంటు గ్రిడ్ రష్యా, బెలారస్‌లతోనే కలిసి నడిచేది, ఫ్రీక్వెన్సీ కంట్రోల్, అంటే గ్రిడ్‌ని నిలకడగా ఉంచే పని, మాస్కో చేతిలో ఉండేది, అంటే వాళ్లకి కోపం వస్తే ఇక్కడ ఊళ్లకి ఊళ్లు చీకటైపోయే పరిస్థితి. ఫిబ్రవరి 8న ఆ లైన్లు కట్ చేసి, మర్నాటిదాకా మూడు దేశాలూ ఏ పెద్ద గ్రిడ్‌తోనూ కలవకుండా ఫ్రీక్వెన్సీని సొంతంగా నెట్టుకొచ్చి, 9న పోలండ్ మీదుగా యూరప్ గ్రిడ్‌కి కలిసిపోయారు, ఎక్కడా లైట్లు ఆరలేదు. అంతకు కొన్ని వారాల ముందే, 2024 క్రిస్మస్ రోజున, ఫిన్లాండ్‌కీ ఎస్టోనియాకీ మధ్య సముద్రం కింద ఉన్న ఎస్ట్‌లింక్ 2 కరెంటు కేబుల్ తెగిపోయింది, అయినా వెనక్కి తగ్గలేదు చూడండి, అదీ గుండె ధైర్యమంటే.

కానీ ఎస్టోనియాలో రష్యా సరిహద్దు మీదున్న ఊరు నార్వా దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి కనిపించట్లేదు. నదికి ఇటు నార్వా కోట, అటు రష్యా ఇవాన్‌గొరోద్ కోట, మధ్యలో ఒక బ్రిడ్జి. మే 9 వస్తే అవతలి ఒడ్డున పెద్ద స్క్రీన్ పెట్టి ఇటు జనానికి వినపడేలా విక్టరీ డే (రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల మీద గెలుపు పండగ) పాటలు వేస్తారు, ఇటు మ్యూజియం వాళ్లు కోట గోడకి పుతిన్ యుద్ధ నేరస్థుడని బ్యానర్ వేలాడదీస్తారు. ఈ ఊళ్లో పదిమందిలో తొమ్మిదిమంది రష్యన్ మాట్లాడేవాళ్లే, సోవియట్ టైంలో ఫ్యాక్టరీ పనులకని వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఎక్కువ. 1991 తర్వాత వీళ్లలో చాలామందికి ఎస్టోనియన్ భాష పరీక్ష పాసైతేనే పౌరసత్వం అన్నారు, దాంతో కొందరు రష్యా పాస్‌పోర్ట్ తీసుకున్నారు, కొందరు ఏ దేశానికీ చెందకుండా గ్రే పాస్‌పోర్ట్‌తో ఉండిపోయారు.

2025 మార్చిలో ఎస్టోనియా పార్లమెంటు రాజ్యాంగం సవరించి రష్యా, బెలారస్ పౌరులకి లోకల్ ఎన్నికల్లో ఓటు తీసేసింది, గ్రే పాస్‌పోర్ట్ వాళ్లకి కూడా ఆ అక్టోబర్ ఎన్నికలే చివరివి. యుద్ధం చేస్తున్న దేశం పౌరులు మన ఎన్నికల్లో ఓటేయడమేంటి అనే వాదన నాకు అర్థమవుతుంది, కానీ నలభై ఏళ్లుగా అదే వీధిలో ఉంటూ పన్ను కడుతున్న ముసలావిడకి తన మున్సిపాలిటీలో కూడా మాట లేదంటే ఇక ఆమె చెవి అవతలి ఒడ్డు స్పీకర్ వైపే తిరుగుతుంది, మాస్కోకి కావాల్సింది కూడా సరిగ్గా అదే. రష్యా పాస్‌పోర్ట్ విషయం పక్కన పెట్టినా, ఇంకో దేశమంటూ లేని గ్రే పాస్‌పోర్ట్ వాళ్ల ఓటైనా తిరిగి ఇవ్వాలి, వచ్చే లోకల్ ఎన్నికలు 2029లో కాబట్టి దానికి టైం కూడా ఉంది.