మా పాత కారు గారికి, షెడ్డు చిరునామాకు

మహారాజశ్రీ మా పాత కారు గారి దివ్య సముఖానికి,

తమరు షెడ్డులో క్షేమమని తలుస్తాను. బానెట్ తెరుచుకుని, వేపచెట్టు నీడన, ఏ పనీ లేకుండా హాయిగా ఉన్నారని మెకానిక్ తమ్ముడు చెప్పాడు. మేమూ క్షేమమే. ఆటోల్లో తిరుగుతున్నాం.

మొన్న ఆదివారం రాయచోటి పెళ్లికి బయల్దేరినప్పుడు తమరి హుందాతనం చూసి ముచ్చటేసింది. కడప దాటేదాకా ఏసీ చల్లగా వచ్చింది, ఒక్క చప్పుడు లేదు. గువ్వలచెరువు ఘాట్ ఎక్కడం మొదలుపెట్టామో లేదో ఇంజన్ వేడి చూపించే సూది ఎర్ర గీత వైపు పాకింది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే, నడుపుతున్నది నేనని తెలిసి కూడా "అన్నకియ్యక్కా ఫోను" అన్నాడు. అన్నకు చెప్పిన సలహా ఏమిటంటే, ఏసీ ఆపేసి హీటర్ ఫుల్లుగా పెట్టమని. తప్పు సలహా కాదులెండి. ఇంజన్ చుట్టూ తిరిగే వేడి నీళ్లే హీటర్‌లోకీ వస్తాయి, ఇంజన్ వేడి కొంత బండి లోపలికి మళ్లుతుంది. మే నెల, నలభై దాటిన ఎండ, ఒంటి మీద ధర్మవరం పట్టుచీర, కాళ్ల మీదికి బుసలు కొడుతున్న వేడిగాలి. తమరిని చల్లబరచడానికి నన్ను ఉడకబెట్టారు. వెనక సీట్లో మా అత్తమ్మ "కిటికీ దించుకుంటానమ్మా" అంటే, ఆ కిటికీ దిగదని ఆవిడకు గుర్తుచేయాల్సి వచ్చింది. చివరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది, తమరు ఆగారు. అక్కడ రాయచోటిలో తాళి కట్టే వేళకు మేం ఘాట్ రోడ్డు పిట్టగోడ మీద కూర్చుని, ఎవరో పుణ్యాత్ములు బైకు మీద తెచ్చిచ్చిన పాలకోవా తింటున్నాం.

ఆగిపోయారని నా ఫిర్యాదు కాదు. పదిహేనేళ్లు నడిచిన బండి ఆగుతుంది. తమరు చెడిపోయే పద్ధతి ఉంది చూశారూ, దాని గురించే ఈ లేఖ. అన్నీ ఒక్కరోజే పోయుంటే ఆ రోజే తేల్చుకుని, దండం పెట్టి సాగనంపేవాళ్లం. తమరు వాయిదాల్లో చెడిపోతారు.

మొదట పై హోస్ పైపు చిట్లింది. ఎంత, చిల్లర ఖర్చు. కొత్త పైపు గట్టిగా నిలబడేసరికి రేడియేటర్ కారడం మొదలైంది. విప్పి చూస్తే లోపలంతా సున్నం. దారిలో దొరికిన బోరు నీళ్లన్నీ మా మరిది అందులో పోస్తూ వచ్చాడు. మన సీమ బోరు నీళ్లు స్టీలు బిందెకే తెల్లగా పట్టేస్తాయి, సన్నని రేడియేటర్ గొట్టాలను వదులుతాయా? సరే, రేడియేటర్ మారింది. ఆ తర్వాత, ఇంజన్ వేడెక్కేదాకా రేడియేటర్‌కి నీళ్లు వదలని థర్మోస్టాట్ బిగుసుకుంది. "మన ఎండలకు ఇదెందుకక్కా, పీకేద్దాం" అన్నాడు తమ్ముడు. పీకేశాక ఇంజన్ పొద్దున్నే వేడెక్కడానికి తెగ టైమ్ తీసుకుని పెట్రోలు తాగింది. మళ్లీ కొత్తది వేయించాం. తర్వాత వాటర్ పంపు. ఇప్పుడు హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్‌కీ దాని పైభాగమైన హెడ్‌కీ మధ్య ఉండే పలక. డిప్‌స్టిక్ బయటికి లాగి గుడ్డ మీద తుడిచి చూపించాడు. నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలు కలిపినట్టు, నురగతో ఉంది. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ ఆయిల్లోకి దిగిపోయిందట.

ప్రతిసారీ షెడ్డులో విన్నది ఒకటే మాట: "ఇదొక్కటి మార్చినామంటే సాలక్కా, ఇంగ అయిదేండ్లు చూసుకునే పనే లేదు."

రిపేరు ఖర్చు బండి ధరలో సగం దాటితే అమ్మేయాలని అందరూ చెబుతారు. ఆ లెక్క నీకు ఎవరు నేర్పారో గానీ, ఒక్క బిల్లునూ ఆ గీత దాటనివ్వలేదు. అవును, 'నీకు' అనే అన్నాను. తమరు, గారు, అక్కడితో సరి. బిల్లులన్నీ కలిపి చూస్తే నీ ధరను ఎప్పుడో మింగేశాయి. కానీ కలిపి చూడనిస్తేగా! వాటర్ పంపు పోయినప్పుడు అమ్మేద్దామంటే, మా ఆయన "మొన్ననే రేడియేటర్ వేయించాం కదే" అన్నారు. ఇప్పుడు అమ్మేద్దామంటే "మొన్ననే వాటర్ పంపు వేయించాం కదే" అంటున్నారు. నిన్న పెట్టిన డబ్బు కాపాడుకోవడానికి ఇవాళ డబ్బు పెడుతున్నాం. అదే బిల్లుల కట్ట బ్రోకర్‌కి చూపిస్తే ముట్టుకోను కూడా లేదు. "అవన్నీ లెక్కలోకి రావు మేడమ్, మోడల్ ఏ సంవత్సరం?" అన్నాడు. బూడిదలో పోసిన పన్నీరు ఎంత ఖరీదైనదైతే ఆయనకేం!

మా సొంత తమ్ముడిది వేరే పాట. "చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, కొనెయ్ అక్కా" అని 2025 సెప్టెంబర్ నుంచి చెవిలో జోరీగ. పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీ నుంచి కొత్త కార్లు లారీల్లో వరసగా పోతుంటే, నువ్వు మాత్రం నాలుగు చక్రాలూ గాల్లో పెట్టుకుని టోయింగ్ బండి ఎక్కావు. తుక్కుకి ఇద్దామా అంటే, 2021లో ప్రకటించిన పాలసీ ప్రకారం నీ విలువ కొత్త బండి ధరలో 4 నుంచి 6 శాతం. కొత్తది ఆరు లక్షలనుకుంటే నీకు 24 వేల నుంచి 36 వేలు. నీ రేడియేటర్, పంపు, వాటి కూలీ డబ్బులు గుర్తొచ్చి కడుపు మండింది. కొన్నేళ్లపాటు ఢిల్లీ వాళ్లు అదృష్టవంతులు. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండి రోడ్డెక్కొద్దని 2018లోనే సుప్రీంకోర్టు చెప్పేసింది, 2025లో దాన్ని సడలించేదాకా మొగుడూ పెళ్లాల మధ్య గొడవ లేదు. మనకు ఆ భాగ్యం లేదు. ఫిట్‌నెస్ చూపించి ఆర్సీ రెన్యువల్ చేయించుకుంటే ఇంకో ఐదేళ్లు. 600 ఉన్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000. ఫిట్‌నెస్ రోజున మాత్రం నువ్వు పెళ్లికొడుకులా నడుస్తావని నాకు తెలుసు.

అత్తమ్మ నీకు ప్లీడరు. కరోనా రోజుల్లో అర్ధరాత్రి మామయ్యను తిరుపతి ఆసుపత్రికి చేర్చింది నువ్వేనని ప్రతి గొడవలోనూ ఎత్తుతుంది. నిజమే. ఆ రాత్రి ఒక్కచోట కూడా దగ్గలేదు నువ్వు. ఆ మాట రాగానే నా నోరు పడిపోతుంది, ఆవిడకీ ఆ సంగతి తెలుసు.

ఇక అసలు కబురు. ఇట్లాగే అమ్మితే బ్రోకర్ తుక్కు రేటే చెబుతున్నాడు. బాగుచేయించి అమ్మితే నాలుగు డబ్బులు వస్తాయట. అందుకే హెడ్‌ను సాపు చేయించడానికి లేతు మిషన్ షాపుకు పంపమన్నాను. అమ్మడానికే సుమా! ఇదే మెకానిక్ తమ్ముడికి చెబితే పకపకా నవ్వాడు. "బాగైన బండిని ఎవరైనా అమ్ముకుంటారా అక్కా?"

ఇట్లు,
ఆర్సీలో మా ఆయన పేరున్నా, బిల్లులు కట్టే
నీ డ్రైవరు