మూడొందల కాపీలు, ఒక్కడి చంకలో అయిదు

మాటల్లేని నాయిస్ రాక్, అంటే గిటార్ల రొదనే సంగీతం చేసే రాక్! వైపుకో పాట పట్టే చిన్న రికార్డు, ఏడంగుళాల వినైల్ సింగిల్, 300 కాపీలే! చికాగో చలిలో తెల్లవారుజామున అయిదింటికే రికార్డుల షాపు ముందు లైన్లో నిలబడ్డాను. నా ముందున్నవాడు అయిదు కాపీలు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మనిషికి ఒకటే అని తలుపు మీద రాసింది ఎవరి కోసం? చిన్న రికార్డు షాపుల కోసం ఏటా ఏప్రిల్‌లో జరిపే ఈ రికార్డ్ స్టోర్ డే 2008లో మొదలైంది ఇందుకేనా?

సాయంత్రానికల్లా అదే రికార్డు ఆన్‌లైన్‌లో ఏడు రెట్ల ధరకి! సీలు కూడా తీయలేదు. అసలు వాడింట్లో రికార్డు తిప్పే టర్న్‌టేబుల్ ఉందా? చెవులు గింగురుమనే ఆ గిటార్ ఫీడ్‌బ్యాక్, గుండెల్లో దిగే ఆ డ్రమ్స్ ఒక్కసారైనా విన్నాడా? నిమిషానికి 45 చుట్లు తిరిగే ఆ చిన్న రికార్డులో ఒక్కో వైపు పట్టేది నాలుగైదు నిమిషాలే. ఆ కాసేపటి కోసమే కదా నేను వణుకుతూ నిలబడింది!

పెంచి అమ్మిన డబ్బులో బ్యాండ్‌కి పైసా వెళ్లదు. వచ్చే ఏప్రిల్‌లోనైనా మనిషిని చూసి, లెక్కపెట్టి ఇవ్వండయ్యా!