మాక్రో ఎవరి సొత్తు?

పదో తారీఖు రాత్రి ఎనిమిదిన్నరకు హోసూరు బ్రాంచి ఫైలు ఖాళీ అయిపోయింది. మర్నాడు జీఎస్టీఆర్-1, అంటే నెల అమ్మకాల జీఎస్టీ రిటర్న్, వేయడానికి ఆఖరు రోజు. బెంగళూరు మారతహళ్లి ఆఫీసులో అప్పటికి మిగిలింది నలుగురం, నలుగురం తెలుగువాళ్లమే. ఎవరూ డిలీట్ నొక్కలేదు. ఆ పని చేసింది నేను రాసిన మాక్రో, అంటే ఎక్సెల్ తనంతట తానే చేసుకుపోయేలా రాసిపెట్టిన ఆదేశాల వరుస.

మా పద్నాలుగు బ్రాంచీల అమ్మకాల లెక్కలు పద్నాలుగు ఫైళ్లలో ఉంటాయి. బెంగళూరు, మైసూరు బిల్లులు 29తో మొదలయ్యే జీఎస్టీ నంబరు మీద, హోసూరువి 33 మీద, హైదరాబాద్‌వి 36 మీద, అనంతపురంవి 37 మీద. వీటన్నిటినీ ఒక మాస్టర్ ఫైల్లోకి చేర్చి, మళ్లీ రాష్ట్రాలవారీగా విడదీయాలి. కాపీ పేస్ట్ చేసుకుంటూ కూర్చుంటే ఒక రోజు పని, మాక్రోకు నాలుగు నిమిషాలు. అది ముందుగా మాస్టర్‌లోని ‘డేటా’ షీట్‌లో పాత నెల లెక్కలు తుడిచేస్తుంది. అయితే ఏ ఫైల్లోని ‘డేటా’ షీట్ అన్నది నేను రాయలేదు. మామూలు మాడ్యూల్‌లో (మాక్రో కోడ్ రాసే పేజీ అది) వర్క్‌బుక్ పేరు, అంటే ఎక్సెల్ ఫైలు పేరు, చెప్పకుండా షీట్ పేరు మాత్రమే రాస్తే, ఆ క్షణాన కంటి ముందున్న వర్క్‌బుక్ గురించే అడుగుతున్నామని ఎక్సెల్ అనుకుంటుంది. ఆ రాత్రి ముందున్నది హోసూరు ఫైలు. అన్ని బ్రాంచీలకూ ఒకే నమూనా ఇచ్చింది మేమే కాబట్టి దాంట్లోనూ ‘డేటా’ షీట్ ఉంది. మాక్రో దాన్ని తుడిచి, సేవ్ చేసి, ‘పూర్తయింది’ అని మెసేజ్ కూడా చూపించింది. కంట్రోల్ జెడ్ కొట్టాను. ఏమీ రాలేదు. మాక్రో షీట్‌ను మార్చిందంటే అన్‌డూ జాబితా ఖాళీ అయిపోతుంది మరి.

హోసూరు కుర్రాడు షేర్డ్ డ్రైవ్‌లోనే నేరుగా ఎంట్రీ చేస్తాడు, మెయిల్‌లో కాపీ ఉండదు. పాపం, బిల్లు పుస్తకాలు ముందేసుకుని అర్ధరాత్రి దాకా మళ్లీ ఎక్కించాడు.

ఆ షీట్‌కు వేరే పేరేదైనా ఉండుంటే ‘సబ్‌స్క్రిప్ట్ అవుట్ ఆఫ్ రేంజ్’ అని ఎర్రర్ 9 వచ్చి మాక్రో అక్కడే ఆగిపోయేది, మేం బతికిపోయేవాళ్లం. ఎర్రర్ వస్తే టెన్షన్ పడతాం గానీ, ఒకటికి మించి ఫైళ్ల మీద నడిచే మాక్రో విషయంలో అసలు భయపడాల్సింది ఎర్రర్ రానప్పుడు. 2020 సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 దాకా ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయింది కూడా ఇలా చడీచప్పుడు లేకుండానే. ల్యాబ్‌ల నుంచి వచ్చిన ఫైళ్లను పాత ఎక్స్‌ఎల్‌ఎస్ నమూనాలోకి ఎక్కించారు. దాంట్లో పట్టేది 65,536 వరుసలే. కొత్త నమూనాలో అయితే పది లక్షలకు పైగా పడతాయి. మిగిలిన వరుసలు రాలిపోయాయి, అక్కడా ఎవరికీ ఎర్రర్ కనిపించలేదు. దాంతో పోలిస్తే మా హోసూరు కథ చిన్నదే, కాకపోతే జాతి ఒకటే.

దీనికి విరుగుడు మాక్రోలు రాసే భాష వీబీఏలోనే ఉంది. 1993లో ఎక్సెల్‌లోకి వీబీఏ వచ్చిన నాటి నుంచీ ఈ రెండు పదాలూ అందులో ఉన్నాయి: దిస్‌వర్క్‌బుక్, యాక్టివ్‌వర్క్‌బుక్. మొదటిది మాక్రో రాసి ఉన్న ఫైలు, రెండోది కంటి ముందున్న ఫైలు. ఎవరిల్లు, ఎవరి వాకిలి అన్నంత తేడా. రికార్డ్ బటన్ నొక్కి మాక్రోలు నేర్చుకున్న మాబోటి వాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పరు, ఒక ఫైలు పోయాకే తెలుస్తుంది. ఒకే ఫైలు తెరుచుకుని రాసేటప్పుడు రెండూ ఒకటేగా మరి! తెరిచిన ప్రతి ఫైలుకూ ఒక పేరు కట్టి ఆ పేరుతోనే పిలిస్తే ముందు ఏది ఉన్నా పేచీ లేదు.

కోడ్ సంగతి అంతటితో సరి. నన్ను ఎక్కువ వేధించే ప్రశ్న వేరే ఉంది. పద్నాలుగు ఫైళ్లకు పనిచేసే మాక్రో ఏ ఫైల్లో ఉండాలి?

మన ఆఫీసుల్లో దీనికి ఉన్న జవాబు ఇంటికో పొయ్యి. ప్రతి ఫైల్లోనూ ఒక కాపీ అతికిస్తారు. జూన్‌లో ఒక తప్పు దొరికితే దొరికిన ఫైల్లోనే దిద్దుతారు, మిగతా పదమూడింటిలో అది హాయిగా కాపురం చేస్తూనే ఉంటుంది. లేదంటే బటన్ ఉన్న షీట్‌ను కొత్త ఫైల్లోకి లాగుతారు. బటన్ వస్తుంది గానీ మాక్రో రాదు. ఆ బటన్ పాత ఫైలు పేరే పట్టుకుని ఉంటుంది. అనంతపురంలో నొక్కితే బెంగళూరు డ్రైవ్‌లోని ఫైలును వెతుకుతుంది, దొరక్కపోతే మాక్రోను నడపలేనని మొండికేస్తుంది. అప్లికేషన్.రన్ అని ఒక ఫైల్లోంచి ఇంకో ఫైల్లోని మాక్రోను పిలిచే దారి ఉంది. మంచి దారే. కాకపోతే ఫైలు పేరులో ఖాళీ ఉంటే దాన్ని సింగిల్ కోట్స్‌లో పెట్టాలి. పైగా ఎవరో ఒకరు పేరు చివర ‘ఫైనల్ 2’ అని తగిలించగానే దారి మూసుకుపోతుంది. ‘ఫైనల్’ అన్న మాటకు మా సెక్షన్‌లో అర్థం పోయి చాలా కాలమైంది లెండి.

ఇంకో జవాబు పర్సనల్ మాక్రో వర్క్‌బుక్. మాక్రో రికార్డ్ చేసేటప్పుడు ఎక్కడ దాచాలి అని ఎక్సెల్ అడుగుతుందే, అందులో కనిపించేది ఇదే. పర్సనల్.ఎక్స్‌ఎల్‌ఎస్‌బీ అనే ఫైలుగా ఎక్స్‌ఎల్‌స్టార్ట్ ఫోల్డర్‌లో కూర్చుని, ఎక్సెల్ తెరిచినప్పుడల్లా కనిపించకుండా తనూ తెరుచుకుంటుంది. ఏ ఫైలుకైనా పనికొస్తుంది, కానీ ఆ ఒక్క కంప్యూటర్‌లో మాత్రమే. మా సీనియర్ ఒకాయన మాక్రోలన్నీ దాంట్లోనే ఉండేవి. నోటీసు పీరియడ్‌లో ఫైళ్లన్నీ నిజాయతీగా అప్పగించాడు, కేక్ కోశాం, పీజీ ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ల్యాప్‌టాప్‌ను ఐటీ వాళ్లు ఫార్మాట్ చేశారు. తర్వాతి నెల ఆల్ట్ ఎఫ్8 నొక్కితే మాక్రోల జాబితా బోసిగా కనిపించింది. తప్పు ఆయనది కాదు, పేరులోనే ‘పర్సనల్’ అని ఉందిగా! రెండేళ్లు ఆయనకు జీతం ఇచ్చి రాయించుకున్న పనిని ఆయన సొంత నేర్పు అనుకున్న మేనేజ్‌మెంట్‌ది తప్పు.

టాలీ లైసెన్స్ కంపెనీ పేరున కొంటాం, చెక్కుబుక్కు బీరువాలో పెట్టి తాళం వేస్తాం. నెలనెలా పన్ను లెక్క తేల్చే మాక్రోను మాత్రం మనిషితో పాటు పంపించేస్తాం. కాబట్టి మాక్రోలకు ఒక్క ఫైలే ఉండాలంటాను. దాన్ని ఎక్స్‌ఎల్‌ఏఎమ్ అనే యాడ్-ఇన్‌గా, అంటే ఎక్సెల్‌కు తగిలించుకుని ఏ ఫైలు మీదైనా వాడుకునే అదనపు ఫైలుగా, సేవ్ చేసి, షేర్డ్ డ్రైవ్‌లో చదవడానికి మాత్రమే వీలుండేలా పెట్టి, ఒకరికి బాధ్యత అప్పగించాలి. బ్రాంచి ఫైళ్లు మామూలు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గానే ఉండాలి. ఆ రకం ఫైల్లో మాక్రో నిలవదు కనుక కాపీలు పుట్టే ప్రమాదమే లేదు.

దీనికి ఐటీ వాళ్లు ఒప్పుకోరు అంటారు. 1999లో మెలిస్సా వైరస్ వర్డ్ మాక్రోగానే మెయిళ్లలో పాకింది, వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలు నడవకుండా 2022లో మైక్రోసాఫ్ట్ అడ్డుకట్ట వేసింది. నా ఓటు కూడా దానికే. కానీ చాలా ఆఫీసుల్లో దాని ఫలితం ఏమైంది? మెయిల్లో వచ్చిన ప్రతి ఫైలుకూ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ‘అన్‌బ్లాక్’ టిక్ పెట్టడం అందరికీ చేతికి అలవాటైపోయింది. పద్నాలుగు ఫైళ్లకు పద్నాలుగు టిక్కులు పెట్టే మనిషి పదిహేనోది ఎవరు పంపారో చూస్తాడా? ఒక్క ఫోల్డర్‌ను ట్రస్టెడ్ లొకేషన్‌గా, అంటే మాక్రోలు నడవనిచ్చే నమ్మకమైన చోటుగా, ఐటీ వాళ్లే పెట్టి, మాక్రో ఫైలును అందులో ఉంచి, బయటి నుంచి వచ్చినవన్నీ ఆపేస్తే ఇంతకంటే నయం.

ఇక పోగుచేసే పని ఒక్కటే అయితే మాక్రో అక్కర్లేదు కూడా. ఎక్సెల్ 2016 నుంచి లోపలే ఉన్న పవర్ క్వెరీ అనే సాధనానికి ఫోల్డర్ చూపిస్తే అందులోని ఫైళ్లన్నీ కలిపి పెడుతుంది, మూల ఫైళ్ల జోలికి పోదు. మా మాక్రోలో సగం అలాగే రిటైరైంది. మిగిలిన సగం, అంటే రాష్ట్రాలవారీగా విడదీసి వేరువేరు ఫైళ్లుగా సేవ్ చేసే భాగం, ఇప్పుడు యాడ్-ఇన్‌లో ఉంది. ఏది తుడవబోయినా ముందు ఆ ఫైలు పేరు చూపించి ‘సరేనా?’ అని అడుగుతుంది.

హోసూరు కుర్రాడికి ఆ ప్రశ్న మీద పెద్ద నమ్మకం లేదు. పదో తారీఖు సాయంత్రం తన ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని మరీ ఫోన్ చేస్తాడు. “ఇంక నడుపుకో అన్నా.”