బస్సు అడ్డం పెట్టారా? కర్చీఫ్ వెయ్యండి

ప్రపంచ ఫుట్‌బాల్‌ని ఏళ్ళ తరబడి పీడిస్తున్న ఒక సమస్యకి పరిష్కారం విజయవాడ కృష్ణలంకలో మా పిన్ని దగ్గర ఉంది, ఆ సంగతి యూరప్‌లో కోట్లు తీసుకునే కోచ్‌లకి ఇంతవరకు ఎవ్వరూ చెప్పకపోవటం ఘోరమైన నిర్లక్ష్యం అని ముందుగా మనవి చేసుకుంటున్నా. ఏదో సరదాకి అంటున్నాడులే అనుకుంటారేమో, అస్సలు కాదు, ఇది చాలా సీరియస్ వ్యాసం, కావాలంటే టీ పక్కన పెట్టి చదవండి.

సమస్య ఏంటంటే, ఎదుటి టీమ్ గెలవాలని రాదు, ఓడకుండా పోదామని వస్తుంది. పదిమందీ వాళ్ళ పెనాల్టీ బాక్స్ ముందు వరసలు కట్టి కూర్చుంటారు, ఐదుగురు వెనక, నలుగురు ముందు, ఇంకొకడు సెంటర్ లైన్ దగ్గర పెళ్ళికి పిలవని చుట్టంలా దిక్కులు చూస్తా ఉంటాడు. దీన్ని లో బ్లాక్ అంటారు, ముద్దుగా బస్సు పెట్టటం అంటారు. గ్రౌండ్ వెడల్పు 68 మీటర్లు ఉంటే వీళ్ళు కాపలా కాసేది మధ్యలో ఓ నలభై మీటర్లే, ఎందుకంటే గోల్ వెడల్పే 7.32 మీటర్లు, అది ఉండేదీ మధ్యలోనే, అంచుల్లో మీరు బాల్ పెట్టుకుని తొక్కుడుబిళ్ళ ఆడుకున్నా వాళ్ళకి పట్టదు. వెనకాల ఖాళీయే ఉండదు కాబట్టి మీ దగ్గర ఎంత గుర్రంలా పరిగెత్తేవాడున్నా ఆ పరుగంతా పోయి తేలేది గోల్‌కీపర్ ఒళ్ళోనే.

ఈ బస్సు మాటని ఫేమస్ చేసింది అప్పటి చెల్సీ కోచ్ జోసే మొరీన్యో. 2004 సెప్టెంబర్లో చెల్సీ, టాటెన్‌హామ్ మ్యాచ్ 0-0 అయితే, వాళ్ళు బస్సు తెచ్చి గోల్ ముందు పెట్టేశారని తెగ బాధపడ్డాడు. అదే పెద్దమనిషి 2010 ఏప్రిల్లో ఇంటర్ మిలాన్‌ని తీసుకుని బార్సిలోనా వెళ్ళాడు, 28వ నిమిషంలో తన ఆటగాడికే రెడ్ కార్డ్ పడింది, ఇక మిగతా పదిమందితో ఏకంగా డిపో కట్టేశాడు. ఆ మ్యాచ్ 1-0తో ఓడాడు గానీ మొదటి లెగ్, అంటే సొంత గ్రౌండ్‌లో ఆడిన మొదటి మ్యాచ్, 3-1 గెలిచి ఉన్నాడు, రెండిట్లో గోల్స్ కలిపి చూస్తారు కాబట్టి ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కి వెళ్ళాడు, ఆ ఆనందంలో వేలు పైకెత్తి గ్రౌండంతా పరిగెడుతుంటే కడుపు మండి స్టేడియం వాళ్ళు స్ప్రింక్లర్లు ఆన్ చేశారు. ఇందులో ఆశ్చర్యం ఏముంది లెండి, పటమటలో మా అపార్ట్‌మెంట్‌లో కూడా పార్కింగ్ గురించి మీటింగ్‌లో గంటసేపు ఉపన్యాసం ఇచ్చిన ఆయన కారే గేటుకి అడ్డంగా ఉంటుంది.

మనం మాత్రం తక్కువ తిన్నామా? 2019 సెప్టెంబర్లో దోహాలో ఇండియా వెళ్ళి అప్పటి ఆసియా ఛాంపియన్ ఖతర్‌ని 0-0 ఆపినప్పుడు మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ వరసబెట్టి బాల్స్ ఆపుతుంటే నేను సోఫా ఎక్కి ఎగిరా, అదొక మహా యజ్ఞంలా, పలనాటి యుద్ధంలా చెప్పుకున్నా. మనం బస్సు పెడితే వీరత్వం, అవతలోడు పెడితే ఆటని చంపేస్తున్నాడు. ఈ సూత్రం మీద నాకేం అభ్యంతరం లేదు, రికార్డు కోసం చెప్తున్నా అంతే.

ఇక మా పిన్ని సంగతి. 2022 డిసెంబర్ 6, వరల్డ్ కప్‌లో స్పెయిన్, మొరాకో, మనకి రాత్రి ఎనిమిదిన్నరకి మొదలైంది. నేను కృష్ణలంకలో పిన్ని వాళ్ళింట్లో చూస్తున్నా. స్పెయిన్ వాళ్ళు పాస్ ఇస్తారు, మళ్ళీ పాస్ ఇస్తారు, కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి, వెనక్కి ఇచ్చి మళ్ళీ మొదటికి, కొత్తగా బైక్ నేర్చుకున్నోడు ఎటు తిరగాలో తెలీక బెంజ్ సర్కిల్ చుట్టూ తిరుగుతున్నట్టు వెయ్యికి పైగా పాసులు వేశారు. గోల్ మాత్రం సున్నా. అంతకుముందు 2018లో రష్యా మీద కూడా వెయ్యి దాటించి పెనాల్టీల్లో ఓడిన అనుభవం ఉంది వాళ్ళకి, అనుభవం ఉంటే నేర్చుకుంటారనేది మన భ్రమ. అప్పటి కోచ్ లూయిస్ ఎన్రిక్ అయితే వరల్డ్ కప్‌కి ముందే ఆటగాళ్ళకి తలా వెయ్యి పెనాల్టీలు ప్రాక్టీస్ చెయ్యమని హోంవర్క్ ఇచ్చాడట, తీరా ఆ రాత్రి మూడు కొడితే ఒక్కటి కూడా లోపలికి పోలేదు. మా చిన్నప్పటి ఎక్కాల పుస్తకం గుర్తొచ్చింది నాకు.

పిన్ని అన్నం పెడుతూ కాసేపు చూసింది. "ఏరా, వీళ్ళంతా డోర్ దగ్గరే నుంచున్నారేంట్రా? ఒక్కడన్నా కిటికీ దగ్గరకి పోడేం?" అంది. నేను నవ్వా. ఆ నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నా, ఎందుకంటే తర్వాత సంక్రాంతికి వాళ్ళతో అవనిగడ్డ వెళ్తూ పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో ఆ మాటకి అర్థం కళ్ళారా చూశా.

చూసింది చూసినట్టు చెప్తా. పండక్కి రెండ్రోజుల ముందు, ప్లాట్‌ఫామ్ మీద జనం ఇసకేస్తే రాలటం లేదు. బస్సు లోపలికి వచ్చింది, ఇంకా ఆగలేదు, జనమంతా డోర్ మీద పడ్డారు. పిన్ని అక్కడ లేదు. అప్పటికే యాభై అడుగులు ఎదురెళ్ళి బస్సు మలుపు తిరిగే చోట నుంచుంది. బాబాయికి రెండు సూట్‌కేసులు ఇచ్చి నేరుగా గుంపులోకి తోసేసింది, ఆయన ఆ సూట్‌కేసులతో ఎవరి కాలు తొక్కాడో ఏమో పదిమంది ఆయన్ని తిట్టటంలో బిజీ అయిపోయారు. సరిగ్గా అప్పుడు పిన్ని గొంతు, "కండక్టర్ గారూ, ఇది అవనిగడ్డ పోదంటగా, బందరేనంటగా?" అని. నిజానికి ముందు బోర్డు మీద అవనిగడ్డ అని ఇంతింత అక్షరాలతో రాసుంది. అయినా సరే కిటికీల కింద కాచుకున్న ముగ్గురు మగాళ్ళు బోర్డు చూడ్డానికి తలలు తిప్పారు. ఒక్క సెకను. ఆ సెకనులో పసుపు అంచు కర్చీఫ్ మూడో కిటికీలోంచి లోపలికి పోయింది, దాని వెనకాలే మా తమ్ముడు, పదేళ్ళోడు, నడుం దాకా లోపల, కాళ్ళు బయట, పిన్ని అరికాళ్ళు పట్టుకుని ఒక్క తోపు. ముగ్గురికి సీటు. బాబాయి పావుగంట తర్వాత చొక్కా గుండీ ఊడి లోపలికొస్తే "ఏవండీ, ఇంతసేపా?" అంది చల్లగా.

ఇప్పుడు దీన్ని ఫుట్‌బాల్ భాషలో చెప్తా వినండి. బాబాయి చేసింది డమ్మీ రన్. రియల్ మాడ్రిడ్‌లో రొనాల్డో గోల్స్ కొట్టినన్నాళ్ళు బెంజెమా చేసిన చాకిరీ ఇదే, పక్కకి పరిగెత్తి ఇద్దరు డిఫెండర్లని వెంటేసుకుపోవటం, చప్పట్లు ఇంకొకడికి. బెంజెమాకి 2022లో బాలన్ డోర్, అదే ప్రపంచంలో బెస్ట్ ఆటగాడికిచ్చే అవార్డు, ఇచ్చారు, మా బాబాయికి ఇంకా రాలేదు. పిన్ని, బాబాయి, తమ్ముడు కలిసి చేసింది థర్డ్ మ్యాన్ రన్. మొదటివాడు రెండోవాడికి ఇస్తాడు, అందరూ ఆ ఇద్దరినే చూస్తుంటారు, బాల్ వెళ్ళేది మాత్రం ఎవరూ చూడని మూడోవాడికి, వాడు అప్పటికే పరుగులో ఉంటాడు. అసలు కిటుకంతా ఆ తల తిప్పటంలో ఉంది. లో బ్లాక్‌లో ఉన్నవాడికి ఉన్న బలం ఒక్కటే, బాల్, మనిషి, గోల్ మూడూ వాడి కళ్ళ ముందే ఉంటాయి. ఆ మూడింట్లో ఒకటి వాడి వీపు వెనక్కి పోయిందా, పని అయిపోయినట్టే.

అందుకే అంచుల్లోంచి గోల్ ముందుకి గాల్లో బాల్ లేపటం, అంటే ఊరికే క్రాస్‌లు వెయ్యటం దండగ. 2014 ఫిబ్రవరిలో మాంచెస్టర్ యునైటెడ్ వాళ్ళు సొంత గ్రౌండ్‌లో ఫుల్హామ్ మీద 80కి పైగా క్రాస్‌లు వేశారు, ఎనభై అండీ, మ్యాచ్ 2-2, ఆ ఫుల్హామ్ ఆ సీజన్లో రెలిగేట్ అయ్యి కింది డివిజన్‌కి పడిపోయిన టీమ్. డిఫెండర్ ముందుకి చూస్తూ నుంచుని ఉంటే పైనుంచి వచ్చే బాల్ వాడికి శ్రీరామనవమి పానకంలా ఉంటుంది, తల ఊపితే చాలు. ఆ క్రాస్‌లకీ, డోర్ దగ్గర నుంచుని "జరగండి, లోపలికి జరగండి" అని అరవటానికీ తేడా లేదు. ఎవడు జరిగాడు ఇప్పటిదాకా?

గోల్ లైన్ దాకా పోయి వెనక్కి ఇచ్చే కట్‌బ్యాక్ వేరు. అప్పుడు డిఫెండర్లు వాళ్ళ గోల్ వైపుకే పరిగెడుతుంటారు, బాల్ వాళ్ళ వెనక్కి వస్తుంది, వచ్చే ఫార్వర్డ్ వాళ్ళకి కనపడడు. అదే 2022 వరల్డ్ కప్‌లో సెమీఫైనల్ దాకా మొరాకో తిన్న గోల్ ఒక్కటే, అదీ వాళ్ళోడే కెనడా మీద సొంత గోల్లో వేసుకున్నది. అలాంటి బస్సుని ఫ్రాన్స్ ఐదో నిమిషంలో పగలగొట్టింది. వరాన్ మధ్యలోంచి గ్రీజ్‌మాన్‌కి ఇచ్చాడు, అతను వెనక్కి లాగాడు, ఎంబాపె కొట్టింది తగిలి పక్కకి పడింది, అటు చివర ఎవరూ పట్టించుకోని తియో ఎర్నాండెజ్ గాల్లో కాలు పెట్టాడు. మలుపు దగ్గరే ఎదురెళ్ళటం అంటే ఇదీ, బస్సు ప్లాట్‌ఫామ్ మీద సెట్ అవ్వకముందే కర్చీఫ్ పడిపోవాలి. ముందు గోల్ తిన్న బస్సు ఇక బయటికి రావాల్సిందే, వస్తే వెనక ఖాళీ వస్తుంది.

అటూ ఇటూ పాసులు దండగ అనట్లేదు నేను, స్పెయిన్ అభిమానులు కొట్టటానికి రాకండి. బాల్ ఒక చివర నుంచి ఇంకో చివరకి టక్కున పోతే పదిమందీ అటు జరగాలి, కాళ్ళ కంటే బాల్ ఎప్పుడూ ఫాస్టే, అటు చివరివాడు అర సెకను లేటవుతాడు, అక్కడ అంచున ఆడే మంచి వింగర్ ఒకడు ఒక్క డిఫెండర్ ఎదురుగా దొరుకుతాడు. మెల్లగా తోస్తూ ఉంటే మాత్రం వాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ జరుగుతారు. దూరం నుంచి కొట్టేవాడు కూడా ఒకడుండాలి. 1967 యూరోపియన్ కప్ ఫైనల్లో, లిస్బన్‌లో, ఇంటర్ వాళ్ళు ఏడో నిమిషంలోనే పెనాల్టీతో 1-0 చేసుకుని తలుపులేసుకున్నారు. సెల్టిక్ కొట్టీ కొట్టీ 63వ నిమిషంలో గెమ్మెల్ బాక్స్ బయటనుంచి పేల్చాడు, అతనెవరనుకున్నారు, ఫుల్‌బ్యాక్, అంటే వెనకాల అంచున కాపలా కాసే డిఫెండర్, అతనికి బాల్ ఇచ్చిందీ ఇంకో ఫుల్‌బ్యాకే. చివరికి 2-1. ఇంట్లో వాచ్‌మన్ వంట చేసినట్టు, ఎవడూ వాణ్ణి లెక్కలో పెట్టుకోడు కదా.

ఇంకొకటి మర్చిపోయా, ముఖ్యమైంది. ఆ గొడవంతా జరుగుతున్నంతసేపు మా అమ్మమ్మ మిగతా సంచుల మీద కూర్చుని ఉంది. కదల్లేదు. "సామాన్ల దగ్గర ఒకళ్ళుండాలి" అనేది పిన్ని రాజ్యాంగంలో మొదటి ఆర్టికల్. 2012లో చెల్సీతో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో బార్సిలోనాకి ఆ అమ్మమ్మ లేదు. చెల్సీ కెప్టెన్ టెర్రీకి 37వ నిమిషంలోనే రెడ్ కార్డ్ పడింది, మెస్సీ పెనాల్టీ బార్‌కి తగిలింది, చివరికి బార్సిలోనా వాళ్ళందరూ పొలోమని ముందుకి పోయారు, ఇంజ్యూరీ టైమ్‌లో సగం గ్రౌండ్‌లో ఒక్క పురుగు లేదు, చెల్సీ టోరెస్ ఒక్కడే బాల్ తీసుకుని వెళ్ళి కీపర్ని దాటి వేసొచ్చాడు. సంచులు పోయాయి.

కాబట్టి నా డిమాండ్ ఏంటంటే, కోచ్‌లకి ఎంత పెద్ద లైసెన్స్ ఉన్నా సంక్రాంతి ముందు మూడ్రోజులు మన బస్టాండ్‌లో ఫీల్డ్ ట్రైనింగ్ తప్పనిసరి చెయ్యాలి. సూట్‌కేసులు వాళ్ళవే తెచ్చుకోవాలి. ఒక హెచ్చరిక కూడా ఉంది, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు వచ్చాక ఆట లెవెల్ పెరిగిపోయింది, ఒకప్పుడు కిటికీ కింద తలలు తిప్పే మగాళ్ళుండేవాళ్ళు, ఇప్పుడు అక్కడ కూడా పిన్నిలే ఉంటున్నారు, వాళ్ళెవ్వరూ తల తిప్పరు.

మొన్న సంక్రాంతికి ఈ థియరీ అంతా నాకు వచ్చు కదా అని "నువ్వుండు పిన్నీ, నే చూసుకుంటా" అన్నా. ఎదురెళ్ళా, కర్చీఫ్ వేశా, కరెక్ట్‌గా సీట్లోనే పడింది. పడింది కదా అని గర్వంగా వెనక్కి తిరిగి బాబాయి వంక చూశా. నేను లోపలికి వెళ్ళేసరికి ఒక పెద్దావిడ దాని మీద కూర్చుని ఉంది. "ఈ గుడ్డ నీదేనా బాబూ?" అని కొంచెం పక్కకి ఒరిగి, లాగి నా చేతికిచ్చింది. సీటు ప్రస్తావన లేదు. కండక్టర్ వంక చూస్తే ఆయన టికెట్ మిషన్ వంక చూశాడు. పిన్ని డ్రైవర్ వెనక సీట్లో తమ్ముడి చేత జంతికలు తినిపించుకుంటూ, "కర్చీఫ్ వేశాక వెనకాలే మనిషి పోవాలి నాన్నా" అంది. పాస్ ఇచ్చి నుంచుంటే ఏమవుద్దో స్పెయిన్‌ని అడగాల్సిన పని లేకుండా పోయింది నాకు.

డోర్ దగ్గరే కాస్త చోటు దొరికితే రాడ్ పట్టుకుని కుదురుకున్నా. కంకిపాడులో బస్సు ఆగింది, కింద ఓ పాతికమంది, చేతుల్లో సంచులు, చంకల్లో పిల్లలు. రెండు కాళ్ళూ దూరంగా పెట్టి, డోర్‌కి అడ్డంగా నుంచుని, "ఖాళీ లేదండీ, వెనకాల ఇంకో బస్సు వస్తుంది" అని గట్టిగా చెప్పింది నేనే.